ఆంక్షలు రష్యా కోటీశ్వరుల మీద, మరి మునిగింది ఎవరు? (యాట్‌ల పరిశ్రమ గురించి)

గోదారిగట్టు | 24 ఆగస్టు 2025, రాత్రి 9:12

ఈ ఆదివారం పేపర్లో ఓ మూల చిన్న వార్త చూశాను. రష్యావాళ్ల దగ్గర పట్టుకున్న ‘అమాడియా’ అనే యాట్‌ను, అంటే విలాస ఓడను, అమెరికా ప్రభుత్వం వేలం వేస్తోందట. 106 మీటర్ల పొడవు, ఎనిమిది సూట్లు, హెలిప్యాడ్, ఈతకొలను, చేత్తో బొమ్మలు వేసిన పియానో, లాబ్‌స్టర్లను ఉంచే తొట్టి. సీల్డ్ కవర్లో బిడ్లు, గడువు సెప్టెంబర్ 10. పాల్గొనాలంటే ముందు 1 కోటి యూరోల ధరావతు కట్టాలి. మా పంచాయతీ చెరువు వేలానికి 50 వేల ధరావతు అంటేనే సగం మంది టీ తాగేసి వెళ్లిపోతారు.

నా అనుమానం ఇది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తలో టీవీలో రోజుకో రష్యా కోటీశ్వరుడి ఓడను పట్టుకున్నట్టు చూపించారు. మూడేళ్లు దాటింది. ఆ ఓడలన్నీ ఏమయ్యాయి? రష్యావాళ్లు కొనడం మానేస్తే వాటిని కట్టే యార్డులకు తాళాలు పడి ఉండాలి కదా, పడ్డాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

భీమిలి_ఇంజన్‌రూమ్ | 24 ఆగస్టు 2025, రాత్రి 10:40

గోదారిగట్టు గారూ, ముందు రెండో ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. తాళాలు పడలేదు.

నేను ఇప్పుడు అబుదాబిలో సప్లై బోట్ల మీద పని చేస్తున్నాను. అంతకు ముందు రెండు సీజన్లు మధ్యధరా తీరంలో ఒక రీఫిట్ యార్డులో కాంట్రాక్టు మీద ఉన్నాను. రీఫిట్ అంటే యాట్‌ను ఒడ్డుకు లాగి ఇంజన్లు, పెయింటు, లోపలి చెక్కపని అంతా కొత్తగా చేయడం. కాబట్టి ఈ లోకం కొంచెం తెలుసు.

బోట్ ఇంటర్నేషనల్ అనే పత్రిక 24 మీటర్లు దాటిన యాట్‌ల ఆర్డర్లను ఏటా లెక్క కడుతుంది. యుద్ధానికి ముందు తీసిన 2022 లెక్కలో 1,024 ఉన్నాయి. యుద్ధం మొదలయ్యాక తీసిన 2023 లెక్కలో తగ్గాల్సింది పోయి 1,203కు పెరిగాయి. తర్వాత 1,166, ఈ ఏడాది 1,138. కరోనా సమయంలో డబ్బున్నవాళ్ల డబ్బు ఇంకా పెరిగింది. అమెరికావాళ్లు, గల్ఫ్‌వాళ్లు వరసలో నిలబడ్డారు. ఇటలీలో ఫెరెట్టీ కంపెనీ అయితే 2022 మార్చి ఆఖరున, ఈ గొడవంతా నడుస్తుండగానే, హాంకాంగ్ స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయింది.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. 30 మీటర్ల బోటూ ఒకటే, 150 మీటర్ల ఓడా ఒకటే. రష్యావాళ్ల బలం అంతా పెద్దవాటిలో. దిల్బర్ 156 మీటర్లు, నార్డ్ 142, షెహరజాదె 140, క్రెసెంట్ 135, మీరు చెప్పిన అమాడియా 106. ఈ ఐదూ జర్మనీలోని ల్యూర్సెన్ యార్డులో పుట్టినవే. అలాంటిది ఒక్కటి కట్టడానికి నాలుగైదేళ్లు, వందల మందికి పని. చిన్న బోట్ల ఆర్డర్లు పది వచ్చినా ఆ లోటు పూడదు.

హాంబర్గ్_హరిత | 24 ఆగస్టు 2025, రాత్రి 11:25

దిల్బర్ పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. 2022లో అది మా ఊళ్లోనే ఉండేది. ఎల్బే నది ఒడ్డున పడవలు ఎక్కే చోట నిలబడితే ఎదురుగా బ్లోమ్ అండ్ ఫాస్ డాకులు కనిపిస్తాయి. దిల్బర్ రీఫిట్ కోసం అక్కడికి వచ్చి, ఆంక్షలతో ఇరుక్కుపోయింది. చుట్టూ పరంజా, పైన పట్టాలు. పెళ్లికి ముందు ఇంటికి సున్నం వేస్తున్నట్టు ఉండేది. ఆ పట్టాల కింద 15,917 టన్నేజీ ఉన్న ఓడ, లోపలి పరిమాణంలో అన్ని యాట్‌ల కన్నా పెద్దది, ఉందంటే నాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు.

అందరూ అది రష్యా కోటీశ్వరుడు అలీషర్ ఉస్మానోవ్‌ది అన్నారు. జర్మన్ పోలీసులు కంపెనీల తీగ లాగితే చివరికి తేలింది అది ఒక ట్రస్టులో ఉందని, హక్కుదారు ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరని. ఆమె పేరు కూడా ఆంక్షల జాబితాలో చేర్చారు కాబట్టి 2022 ఏప్రిల్‌లో ఓడను స్తంభింపజేశారు. సెప్టెంబర్‌లో టగ్గులతో బ్రెమెన్ వైపు లాక్కెళ్లారు. ఈ ఏడాది మార్చిలో ఈయూ (యూరోపియన్ యూనియన్) ఆమె పేరును జాబితా నుంచి తీసేసింది కూడా.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఓడ కాదు. మా టీమ్‌లో ఒకామె భర్త వడ్రంగి. యాట్‌ల లోపలి గోడలకు వాల్‌నట్ పలకలు అతికించే చిన్న కంపెనీలో ఉండేవాడు. యార్డుకు ఏమీ కాలేదు, ఆ 14 మంది ఉన్న కంపెనీకి అయింది. చేసిన పనికి బిల్లు ఇచ్చారు, డబ్బులు ఆగిపోయాయి. ఎనిమిది నెలలు వంటింటి అల్మారాలు బిగించుకుంటూ బతికాడు.

స్క్రీనింగ్_సుబ్బు | 25 ఆగస్టు 2025, ఉదయం 1:10

హరిత గారూ, ఆ డబ్బులు ఆపింది నాలాంటివాడే అయ్యుండొచ్చు. తిట్టకండి.

హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకుకు బ్యాక్ ఆఫీసు పని చేస్తాను. పేరు అడగొద్దు. మా పని ఆంక్షల స్క్రీనింగ్. ప్రపంచంలో ఎక్కడినుంచి ఎక్కడికి డబ్బు వెళ్లినా, పంపినవాడి పేరు, అందుకునేవాడి పేరు, ఓడ పేరు జాబితాలతో పోల్చి, కొంచెం కలిసినా అలర్ట్ వస్తుంది. దాన్ని మనిషి చూసి వదలాలి లేదా ఆపాలి. మామూలు రోజుల్లో ఒక్కొక్కరికి లెక్క ఉంటుంది. 2022 ఫిబ్రవరి ఆఖరు వారం నుంచి ఆ లెక్క గాల్లో కలిసిపోయింది. రాయదుర్గం ఆఫీసులోనే పడుకున్న రాత్రులున్నాయి, బిర్యానీ డబ్బాల మధ్య.

రష్యన్ పేర్లతో ఒక తలనొప్పి. మనం ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం చూడండి, వాళ్ల అలెక్సేయ్‌ని ఆరు రకాలుగా రాస్తారు. తండ్రి పేరు మధ్యలో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. అదే పేరుతో మాస్కోలో పళ్ల డాక్టరూ ఉంటాడు, చమురు కంపెనీ యజమానీ ఉంటాడు.

నా చేతికి వచ్చిన ఒక ఇన్వాయిస్ ఇప్పటికీ గుర్తు. దక్షిణ ఫ్రాన్స్‌లో పూలు సరఫరా చేసే చిన్న దుకాణం. యాట్‌లో బల్లల మీద వారం వారం మార్చే పూలు. మొత్తం 3 వేల యూరోలు కూడా లేదు. చెల్లింపు వివరాల్లో ఓడ పేరు రాశారు, అంతే, ఆగిపోయింది. ఆ పూలమ్మికి యుద్ధంతో ఏం సంబంధం? నేను వదిలితే నా ఉద్యోగం పోతుంది. ఆపాను.

ఎరువులకొట్టు | 25 ఆగస్టు 2025, ఉదయం 7:35

సుబ్బు తమ్ముడూ, అయితే ఒక సంగతి చెప్పు. అసలు ఓనరు ఎవరో తెలీకుండా ఇంత పెద్ద ఓడ ఎలా తిరుగుతుంది? మా తెనాలిలో స్కూటర్‌కైనా ఆర్‌సీ ఉంటుంది.

స్క్రీనింగ్_సుబ్బు | 25 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:05

ఓడకూ ఆర్‌సీ ఉంటుంది అన్నా. కానీ అందులో ఉండేది కంపెనీ పేరు. ఓడ కేమన్ దీవుల్లో రిజిస్టర్, కంపెనీ వర్జిన్ దీవుల్లో, దాని షేర్లు సైప్రస్ కంపెనీ దగ్గర, ఆ పైన ట్రస్టు. ట్రస్టు వల్ల లాభం పొందేవాళ్లు భార్య, అక్క, కూతురు. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, బినామీ. మనవాళ్లు శంకర్‌పల్లిలో పొలాలకు చేసేది వీళ్లు సముద్రం మీద చేశారు.

అమెరికా చట్టంలో 50 శాతం లెక్క ఉంటుంది. జాబితాలో ఉన్నవాడికి కంపెనీలో సగం లేదా అంతకు మించి వాటా ఉంటే ఆ కంపెనీ ఆస్తి కూడా కట్. అందుకే ఆ వారాల్లో ఎన్ని వాటాలు 49 దగ్గర ఆగాయో చూడాల్సింది. ఆండ్రేయ్ మెల్నిచెంకో అనే ఆయన అయితే ఈయూ జాబితాలో తన పేరు పడటానికి ఒక్కరోజు ముందు తన వ్యాపారాల్లో హక్కును భార్యకు వదిలేశాడు. జూన్‌లో ఆవిడ పేరు కూడా పడింది అనుకోండి.

ఎరువులకొట్టు | 25 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:50

మెల్నిచెంకో అంటే యూరోకెమ్ కదా? ఎరువుల కంపెనీ! నాకు ఆ పేరు బస్తాల మీదే తెలుసు.

భీమిలి_ఇంజన్‌రూమ్ | 25 ఆగస్టు 2025, సాయంత్రం 6:20

ఆయనే. ఆయన ఓడ ‘సెయిలింగ్ యాట్ ఎ’, 143 మీటర్లు, తెరచాప స్తంభాలు వంద మీటర్ల ఎత్తు. 2022 మార్చిలో ఇటలీవాళ్లు ట్రియెస్తే రేవులో పట్టుకున్నారు. విలువ 53 కోట్ల యూరోలు అని వాళ్లే ప్రకటించారు. ఆయనదే ఇంకో ఓడ ‘మోటర్ యాట్ ఎ’ మాత్రం సమయానికి నేనున్న యూఏఈ దాకా వచ్చి రస్ అల్ ఖైమాలో లంగరు వేసింది. ఒకే యజమాని, రెండు ఓడలు. ఒకటి జైల్లో, ఒకటి బెయిల్ మీద.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఓడను పట్టుకోవడం తేలిక. పట్టుకున్నాక దాన్ని పోషించడం ఎవరికీ గుర్తు లేదు.

నడిచే ఓడ కన్నా ఆగిన ఓడతో ఎక్కువ చాకిరీ. ఉప్పు గాలికి ఏసీ ఆపితే పది రోజుల్లో లోపల పట్టు గుడ్డలకు, తోలు సోఫాలకు బూజు పడుతుంది. చెక్క పలకలు ఉబ్బుతాయి. ఏసీ నడవాలంటే జనరేటరో, ఒడ్డు కరెంటో కావాలి. జనరేటర్ చల్లబడాలంటే సముద్రపు నీళ్లు లాగాలి. ఆ నీళ్లు వచ్చే జాలీల్లో గుల్లలు పెరిగి మూసుకుపోతాయి, ఎవడో ఒకడు దిగి గీకాలి. నేను గీకాను. చేతి తొడుగు ఉన్నా వేళ్లు కోసుకుపోతాయి. రాత్రింబవళ్లు మంటల కాపలా. తుపాను వస్తే తాళ్లు సడలించి, బిగించే మనిషి. అందుకే ఖాళీ ఓడ మీద కూడా ఇరవై, పాతిక మంది ఉంటారు.

అమాడియా సంగతే చూడండి. ఫిజీలో లౌతోకా రేవులో పట్టుకుని, అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచి, హవాయి మీదుగా 2022 జూన్ ఆఖరుకు సాన్ డియేగో తెచ్చారు. అప్పట్నుంచి నెలకు 6 లక్షల డాలర్లు ఖర్చు అని అమెరికా ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. అందులో 3 లక్షల 60 వేలు సిబ్బంది జీతాలే. ఇన్సూరెన్స్ ఇంకో 1 లక్షా 44 వేలు, అది విడిగా. శిక్ష పడింది ఎవరికి, బిల్లు కట్టింది ఎవరు?

గోదారిగట్టు | 25 ఆగస్టు 2025, రాత్రి 8:00

అందుకే పెద్దలన్నారు, ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని. మరి అమ్మితే డబ్బు తిరిగి వచ్చేస్తుంది కదా?

ద్వీపంలో_డాక్టరమ్మ | 25 ఆగస్టు 2025, రాత్రి 11:48

ఈ ఏనుగు చచ్చాక వెయ్యి రాదండీ. కళ్లారా చూశాను.

నేను కరీబియన్‌లోని ఆంటిగ్వాలో మెడిసిన్ చదివాను. అక్కడ మన తెలుగు పిల్లలు బానే ఉంటారు. పరీక్షలు అయిపోయిన ఆదివారం ఫాల్మత్ హార్బర్ వైపు వెళ్లడం మాకు అలవాటు, ఇంటి బెంగ మర్చిపోవడానికి. అక్కడ 2022 నుంచి ఒక నల్లటి ఓడ కదలకుండా ఉండేది. అదే ఆల్ఫా నీరో, 82 మీటర్లు. చుట్టూ మామూలు తెరచాప పడవలు, మధ్యలో ఇది. దగ్గరికి వెళితే రోజంతా ఒకటే హోరు, జనరేటర్. మా రూమ్‌మేట్ దాన్ని ‘ఐసీయూ పేషెంట్’ అనేది. వెంటిలేటర్ మీద ఉంది, బంధువులు రారు, బిల్లు మాత్రం పెరుగుతోంది అని.

అది రష్యా ఎరువుల కంపెనీ ఫాస్ఆగ్రో స్థాపకుడు ఆండ్రేయ్ గుర్యేవ్‌ది అని అమెరికా అంది. ఆయన నాది కాదు అన్నాడు. వారానికి 28 వేల డాలర్లు ఖర్చు. లక్ష జనాభా ఉన్న దీవి అది. మాకు ఇంట్లో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. తుపాను వస్తే ఆ ఓడ తాళ్లు తెంచుకుని రేవులో పడవలన్నిటినీ నుజ్జు చేస్తుందని అక్కడివాళ్ల భయం. ఆఖరికి 2023లో ప్రభుత్వం చట్టం మార్చుకుని ఓడను సొంతం చేసుకుంది.

జూన్‌లో వేలం. గూగుల్ మాజీ సీఈఓ ఎరిక్ ష్మిట్ 6 కోట్ల 76 లక్షల డాలర్లకు పాడాడు. ఊరంతా పండగ. ఇంతలో గుర్యేవ్ కూతురు ఓడ నాది అని కోర్టుకెక్కింది, ష్మిట్ వెనక్కి తగ్గాడు. మళ్లీ ఏడాది జనరేటర్ హోరు. 2024లో టర్కీ వ్యాపారి ఒకాయనకు 4 కోట్లకు అమ్మారు. అప్పటికి నేను వచ్చేశాను. జూనియర్ ఒకమ్మాయి ఫోటో పెట్టింది, ఖాళీ రేవు. ఎందుకో కొంచెం వెలితిగా అనిపించింది.

ఎరువులకొట్టు | 26 ఆగస్టు 2025, ఉదయం 6:50

అమ్మా డాక్టరమ్మా, ఫాస్ఆగ్రో అన్నావు చూడు, ఇప్పుడు నాకు నిద్ర పట్టదు. యుద్ధం తర్వాత మన దేశానికి డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు ఎక్కువగా పంపినవాళ్లలో రష్యా ఉంది. ఆ కంపెనీ సరుకు కూడా వస్తుంది. కాకినాడ రేవులో దిగేవాటిలో రష్యా ఎరువుల ఓడలూ ఉంటాయి. అంటే ఎరువుల వ్యాపారం ఆగలేదు, ఆ వ్యాపారంతో కొన్న పడవ ఆగింది. సరిగ్గానే అర్థమైందా?

స్క్రీనింగ్_సుబ్బు | 26 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:15

కరెక్టే అన్నా. తిండి గింజలు, ఎరువులకు అమెరికా, ఈయూ రెండూ మినహాయింపులు ఇచ్చాయి. లేకపోతే బీద దేశాలు ఆకలితో చస్తాయని. మా దగ్గర ఎరువుల చెల్లింపులకు వేరే నోట్ ఉండేది. వ్యక్తి మీద ఆంక్ష, కంపెనీ మీద కాదు. అది కుదరడానికే చాలామంది కంపెనీల్లో పదవులు, వాటాలు వదులుకున్నారు.

నిక్కచ్చి_నారాయణ | 26 ఆగస్టు 2025, రాత్రి 9:30

అందరూ ఓడలు, పూలు, బూజు గురించి మాట్లాడుతున్నారు, నేను వకీలుని కాబట్టి నా గోల వేరు. స్తంభింపజేయడం వేరు, జప్తు చేయడం వేరు. పేపర్లు రెండింటికీ ‘స్వాధీనం’ అనే రాస్తాయి. ఇటలీ, స్పెయిన్, జర్మనీ చేసింది మొదటిది. యజమాని యజమానిగానే ఉంటాడు, వాడుకోలేడు, అమ్ముకోలేడు. ఆంక్షలు ఎత్తేస్తే తాళం తీసి ఇచ్చేయాలి. అమెరికా అమాడియాతో చేసింది రెండోది. దానికి నేరం నిరూపించాలి. కాగితాల మీద అది ఎడ్వర్డ్ ఖుదైనాతోవ్‌ది, అసలుది ఆంక్షల జాబితాలో ఉన్న రష్యా కోటీశ్వరుడు సులేమాన్ కెరీమోవ్‌ది అని ప్రభుత్వం వాదించి, ఈ మార్చిలో గెలిచింది. తమాషా ఏమిటంటే ఇటలీలో ఆపిన షెహరజాదెకు కూడా కాగితాల మీద ఇదే ఖుదైనాతోవ్ ఓనరు. అది పుతిన్‌ది అని ఆయన ప్రత్యర్థి నవాల్నీ మనుషులు అన్నారు. ఒక్క మనిషి పేరు మీద వందేసి మీటర్లు దాటిన ఓడలు రెండు!

ఇక లండన్ కేసు చూడండి. ‘ఫై’ అనే 58 మీటర్ల యాట్. అవార్డుల ఫంక్షన్ కోసం కానరీ వార్ఫ్‌కు వచ్చింది. 2022 మార్చి 29న ఆపేశారు. దాని యజమాని ఏ జాబితాలోనూ లేడు. ‘రష్యాతో సంబంధం ఉన్నవాడు’ అన్న ఒక్క మాట చాలింది. పోయిన నెలలో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వానిదే ఒప్పంది. పాస్‌పోర్టు చూసి ఆస్తి ఆపడం ఏ న్యాయం? రేపు మనవాళ్ల మీద ఇదే చేస్తే?

హాంబర్గ్_హరిత | 26 ఆగస్టు 2025, రాత్రి 10:15

నారాయణ గారూ, న్యాయం గురించి మీరు చెప్పింది వింటాను. కానీ ఇక్కడ మా వీధిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ల ముందు కోటీశ్వరుడి పడవ హక్కుల గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

నిక్కచ్చి_నారాయణ | 26 ఆగస్టు 2025, రాత్రి 10:22

అమ్మా, హక్కు కోటీశ్వరుడికి లేకపోతే వాళ్లకూ ఉండదు. నేను చెప్పేది అదే.

మోడరేటర్ | 26 ఆగస్టు 2025, రాత్రి 11:00

దీని తర్వాత వచ్చిన 9 పోస్టులు తీసేశాను. యుద్ధం ఎవరి తప్పు అన్నదానికి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ ఓడలు.

భీమిలి_ఇంజన్‌రూమ్ | 27 ఆగస్టు 2025, సాయంత్రం 5:45

సరే, ఓడలే. గోదారిగట్టు గారు అడిగిన ‘పరిశ్రమ’ అంటే యార్డులు మాత్రమే కాదు. రష్యావాళ్లు వెళ్లిపోయాక మార్పు ఎక్కడెక్కడ కనబడిందో నాకు తెలిసినంత చెప్తాను.

కట్టడం సగంలో ఉన్నవాటిది పెద్ద చిక్కు. ఓడకు డబ్బు విడతలుగా కడతారు, మన అపార్టుమెంట్లలాగే, శ్లాబుకింత అని. సగంలో కొనేవాడి పేరు జాబితాలో పడితే యార్డు తర్వాతి విడత తీసుకోకూడదు. ఓడ అప్పగించకూడదు. కొందరి కాంట్రాక్టులో కట్టినంత మేర ఓడ కొన్నవాడిదే అయిపోతుంది కాబట్టి ఇంకొకరికి అమ్మనూ కూడదు. 2022 ఏప్రిల్‌లో డచ్ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల యార్డుల్లో కస్టమ్స్ నిఘా పెట్టినవి 14. అందులో 12 ఇంకా కడుతున్నవే. వాటి చుట్టూ పని చేసే పెయింటర్ల గతి ఏమిటో హరిత గారు చెప్పిన వడ్రంగి కథ చాలు.

డచ్ యార్డు హేసెన్‌ది ఇంకో కథ. కొనేవాడు కాదు, యార్డు ఓనరే రష్యన్. చమురు కంపెనీ లూకోయిల్ అలెక్‌పేరోవ్. 2022లో వాటాలను ఒక డచ్ ఫౌండేషన్‌కు మార్చి గండం గట్టెక్కారు. ఈ ఏడాది ఒక డచ్ వ్యాపారి కొన్నాడు.

దళారులు, మేనేజ్‌మెంట్ కంపెనీలు కూడా దెబ్బతిన్నాయి. మొనాకోలో ఇంపీరియల్ యాట్స్ అని రష్యా పెద్దలకు ఓడలు కట్టించి, నడిపించి, అద్దెకు ఇచ్చే పెద్ద కంపెనీ. 2022 జూన్‌లో అమెరికా దాన్నే జాబితాలో పెట్టింది. ఆ రోజు నుంచి మిగతా దళారులందరికీ జ్వరం. అంతకు ముందు కొనేవాడి ముఖం చూసి మాట్లాడేవాళ్లు, ఇప్పుడు ముందు సుబ్బులాంటివాళ్లకు ఫైలు పంపుతున్నారు.

లాభపడింది టర్కీ, మా గల్ఫ్. టర్కీ ఆంక్షల్లో చేరలేదు. రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ ఓడలు రెండూ, 162 మీటర్ల ఎక్లిప్స్, 140 మీటర్ల సొలారిస్, 2022 మార్చిలో అక్కడికే చేరాయి. సొలారిస్ బోద్రుమ్‌కు వస్తుంటే ఉక్రెయిన్ కుర్రాళ్లు చిన్న పడవలో జెండా పట్టుకుని అడ్డం వెళ్లారు, వీడియో చూసే ఉంటారు. మార్మరిస్‌లో నాకు తెలిసిన వెల్డర్‌కు ఆ ఏడాది నుంచి ఖాళీ లేదు. రష్యా ఉక్కు వ్యాపారి మోర్దషోవ్ ఓడ నార్డ్ వ్లాదివొస్తోక్ నుంచి హాంకాంగ్ వెళ్లింది. ఐక్యరాజ్యసమితి వేసిన ఆంక్షలే మేం అమలు చేస్తాం, వేరే దేశాలవి కాదు అని అక్కడి పాలకుడు చెప్పేశాడు. దుబాయ్ పోర్ట్ రషీద్‌లో ‘మదామ్ గూ’ అనే ఇంకో రష్యా ఓడను నేనే చూశాను, నీలం రంగు, 98 మీటర్లు. అమెరికా దాన్ని జాబితాలో పెట్టింది. అది మాత్రం ఎండలో హాయిగా ఉంది.

ఆఖరున సిబ్బంది. అసలు దెబ్బ వాళ్లకే అని నా అభిప్రాయం. దిల్బర్‌లో ఒక్కదానిలోనే దాదాపు వంద మందిని తీసేశారు. వాళ్లలో ఎవరి పేరూ ఏ జాబితాలో లేదు.

ద్వీపంలో_డాక్టరమ్మ | 27 ఆగస్టు 2025, రాత్రి 10:05

అన్నా, సిబ్బందిలో ఉక్రెయిన్‌వాళ్లు కూడా ఉండేవాళ్లు కదా? ఒకాయన ఓడ ముంచబోయాడని చదివిన గుర్తు.

భీమిలి_ఇంజన్‌రూమ్ | 28 ఆగస్టు 2025, ఉదయం 5:30

అవును చెల్లీ. ‘లేడీ అనస్తాసియా’, 48 మీటర్లు, స్పెయిన్ మల్లోర్కాలో. యజమాని రష్యా ఆయుధాల ఎగుమతి కంపెనీ రోసోబొరోన్ఎక్స్‌పోర్ట్ అధిపతి అన్నారు. మన సైన్యానికీ అమ్మే కంపెనీయే. ఆ ఓడలో ఇంజనీర్ ఉక్రెయిన్ మనిషి, ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నాడు. యుద్ధం మొదలైన మూడో రోజు, ఫిబ్రవరి 26న, కీవ్‌లో అపార్టుమెంటుకు క్షిపణి తగిలిన వీడియో చూశాడు. అలాంటివి అమ్మేది తన యజమానే అనిపించి, కిందకి దిగి ఇంజన్‌రూమ్‌లో వాల్వులు తెరిచాడు. మిగతావాళ్లు పరిగెత్తి మూసేశారు. పోలీసులకు తను చేసిందే చెప్పాడు, జడ్జి వదిలేశారు. వెళ్లి సైన్యంలో చేరాడు.

ఆ వాల్వు చక్రం నేను రోజుకు పదిసార్లు తిప్పుతాను. బిగుసుకుపోయి ఉంటుంది, రెండు చేతులూ కావాలి. తెరుస్తున్నంత సేపూ ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. ఆ మనిషి ఆలోచించే తెరిచి ఉంటాడు.

గోదారిగట్టు | 28 ఆగస్టు 2025, రాత్రి 9:00

బాబూ, ఇంత తెలుస్తుందనుకోలేదు. నేను అనుకున్నది ఒకటి, ఉన్నది ఒకటి. పెద్ద యార్డు నిలబడింది, పూలమ్మి పడిపోయింది. ఒక్క అనుమానం మిగిలింది. ఇన్ని తలనొప్పులుంటే అమాడియాను ఎవరు కొంటారు?

నిక్కచ్చి_నారాయణ | 28 ఆగస్టు 2025, రాత్రి 9:40

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. కేసు అప్పీలులో ఉందని ఖుదైనాతోవ్ లాయర్లు అంటూనే ఉన్నారు. కొన్నవాడు అమెరికా జలాలు దాటగానే ఇంకో దేశం కోర్టులో ఎవడైనా కాగితం పట్టుకుని రావచ్చు. ధర ఆ మేరకు తగ్గుతుంది. జిబ్రాల్టర్‌లో ‘ఆక్సియోమా’ అనే రష్యా యాట్ సంగతి మాత్రం తొందరగా తేలిపోయింది. ఎందుకంటే అక్కడ అమ్మించింది ప్రభుత్వం కాదు, బ్యాంకు. ఓడ మీద 2 కోట్ల యూరోల పైచిలుకు అప్పు ఉంది, జేపీ మోర్గాన్ కోర్టుకెళ్లింది, 2022 ఆగస్టులో 63 బిడ్లు వచ్చాయి, 3 కోట్ల 75 లక్షల డాలర్లకు పోయింది. అప్పులవాడు రంగంలోకి దిగితే ఏ దేశంలోనైనా పని జరుగుతుంది.

ఇంకోటి. ఈ ఓడలు పట్టుకోవడానికి అమెరికా న్యాయశాఖ పెట్టిన ‘క్లెప్టోక్యాప్చర్’ దళాన్ని ఈ ఫిబ్రవరిలో మూసేశారు. పట్టుకునేవాళ్లు ఇంటికి వెళ్లారు, పట్టుబడిన ఓడ మిగిలింది.

స్క్రీనింగ్_సుబ్బు | 29 ఆగస్టు 2025, ఉదయం 2:20

మా దగ్గర మాత్రం ఎవరూ ఇంటికి వెళ్లలేదు సార్. ఇప్పుడే ఒక అలర్ట్ మూశాను. ఓడ పేరు మార్చారు, జెండా మార్చారు, ఐఎంఓ నంబర్ మాత్రం పాతదే. ఓడ పుట్టినప్పుడు ఇచ్చే ఆ ఏడంకెల నంబర్‌ను మార్చలేరు. దానితోనే దొరుకుతారు.

భీమిలి_ఇంజన్‌రూమ్ | 29 ఆగస్టు 2025, సాయంత్రం 7:10

సుబ్బు చెప్పిన నంబర్ ఇంజన్‌రూమ్ గోడ మీద కూడా చెక్కి ఉంటుంది. అది చూస్తే ఒక సంగతి గుర్తొచ్చింది.

నాతో రీఫిట్ యార్డులో పని చేసిన గోవా కుర్రాడు ఒకడు, 2022లో ఒక రష్యా ఓడ మీద సెకండ్ ఇంజనీర్. ఓడ ఆగిపోయాక మూడు నెలలు జీతం లేదు. కట్టాల్సిన కంపెనీ ఖాతా స్తంభించింది, కట్టడానికి ప్రత్యేక అనుమతి కావాలన్నారు. తిండి కూడా లెక్కబెట్టి పెట్టారు. ఆ మూడు నెలల డబ్బు వాడికి ఇప్పటికీ రాలేదు. తర్వాత రెండేళ్లు సరుకు ఓడల మీద చేసి, ఈ నెలలోనే మళ్లీ ఒక యాట్ మీద చేరాడు. మొన్న ఫోన్ చేస్తే అడిగాను, ఈసారైనా ఓనరు ఎవరో కనుక్కున్నావా అని.

“అడిగాను అన్నా. ఏజెంటు కంపెనీ పేరు చెప్పాడు.”